గూడెం బడిలో కార్తెల చక్రం: అడవి, మాట, లెక్క కలిపి పాఠం కట్టే పద్ధతి

నల్లమలలో చెంచులు ఉండే చోటును పెంట అంటారు. అడవిలోపల ఎన్నో ఊళ్ల పేర్లు ఆ మాటతోనే ముగుస్తాయి. కిందినుంచి వచ్చిన టీచరుకూ, వాచకానికీ పెంట అంటే చెత్తకుప్ప. ఒకటో తరగతి పిల్లవాడు "మాది ఫలానా పెంట" అనగానే పక్క ఊరి పిల్లలు నవ్వుతారు. టీచరు నవ్వకపోయినా "గ్రామం అనాలమ్మా" అని సరిదిద్దుతారు. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఊరి పేరు అడిగితే నేల చూస్తాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లల కోసం సొంత భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది భాషలు తీసుకున్నారు: సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు. చెంచులు ఆ జాబితాలో లేరు. వాళ్లు మాట్లాడేది తెలుగే కదా, వేరే పుస్తకం ఎందుకని. లెక్క ప్రకారం తప్పులేదు. కానీ ఆ తెలుగులో ఉన్న చెట్టు, గడ్డ, ఈగ, వాన మాటలు సగం పుస్తకంలో కనపడవు. పుస్తకంలో ఉన్న ఓడరేవు, మంచుకొండ గూడెంలో కనపడవు. పిల్లలకు మాటలు రావని రాసుకునే ముందు పుస్తకానికి ఎన్ని మాటలు రావో చూడాలి.

ఈ పద్ధతి ఆ లోటు పూడ్చడానికి. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లిన ఆత్మకూరు, కొత్తపల్లె, శ్రీశైలం వైపు చెంచు గూడేల్లోని ఒకటి నుంచి ఐదో తరగతి బడిని దృష్టిలో పెట్టుకుని రాసినది. అనంతపురం, కర్నూలు సుగాలి తాండాలకు ఏం మార్చుకోవాలో చివర్లో ఉంది. తయారయ్యేవి మూడు: గోడమీద ఒక ఏడాది చక్రం, ఒక పెట్టెడు మాటల చీటీలు, కొలతల పళ్లెం ఒకటి. ఖర్చు ఎక్కువ కాదు, పట్టే కాలమే ఎక్కువ. ఒక ఏడాది పూర్తిగా తిరిగితే గాని మొదటి చక్రం నిండదు.

మొదట అడగవలసినవి

గూడెం పెద్దలను కూర్చోబెట్టి, గోడమీద ఏం రాయవచ్చో, ఏం రాయకూడదో మొదటి రోజే తేల్చుకోండి. మూడు విషయాలు రాయకుండా ఉండటం మంచిది. ఒకటి, పెద్ద తేనె పట్టే బండల జాడ. ఏ బండ ఏ ఇంటివాళ్లదో గూడెంలో అందరికీ తెలుసు; అది గోడకెక్కితే బయటి బేరగాళ్లకూ తెలుస్తుంది. రెండు, మందుచెట్టు వాడే విధానం. చెట్టు పేరు రాయండి, ఆకు గీయండి, ఏ రోగానికి ఎంత మోతాదో మాత్రం రాయకండి. అది ఆ ఇంటి విద్య కావడం ఒక కారణం. పిల్లలు చదివి నోట్లో వేసుకుంటారన్నది ఇంకా పెద్ద కారణం. ముష్టి గింజ నల్లమలలో విరివిగా దొరుకుతుంది, అది విషం. మూడు, దేవర చోట్లు. పెద్దలు సరేనన్నవే పెట్టండి.

ఆడవాళ్లను విడిగా అడగండి. తేనె, జిగురు సంగతులు మగవాళ్లు చెబుతారు. గడ్డ, ఆకుకూర, ఎండబెట్టి దాచుకునే పండ్ల సంగతి ఆడవాళ్ల దగ్గర ఉంటుంది. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే మగవాళ్ల మాటే చక్రం ఎక్కుతుంది, అందులో సగం ఏడాది తిండి కనపడదు.

పిల్లలను అడవిలోకి తీసుకెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఇది పులుల అభయారణ్యం. నిజానికి చాలా పనికి లోపలికి పోనక్కర్లేదు. బడి చుట్టూ అరకిలోమీటరులో ఉన్న చెట్లే ఒక ఏడాదికి చాలు.

చక్రం గీయడం

నెలల పట్టిక కన్నా కార్తెల చక్రం ఎందుకంటే, రాయలసీమలో వానను కార్తెతోనే చెబుతారు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. నెల మరీ పెద్దది: ఇప్పపువ్వు మొదలవడం, అయిపోవడం రెండూ ఒక్క నెలలోనే ఇరుక్కుంటాయి. ఒక మాట గుర్తుంచుకోండి. కార్తె సేద్యగాడి లెక్క. మీ గూడెంలో పువ్వును బట్టి, వెన్నెలను బట్టి కాలం చెబితే ఆ పేర్లే పెద్దగా రాయండి, కార్తె పేరు కింద చిన్నగా ఉండనివ్వండి. కార్తె ఇక్కడ కొలబద్ద మాత్రమే.

కావలసినవి: మామూలు చార్టులు నాలుగు (ఒక్కోటి 56 × 71 సెంటీమీటర్లు), పాత చీర లేదా పంచె ముక్క, కప్పు మైదా, పురికొస, రెండు మేకులు, పెన్సిళ్లు, వార్తాపత్రికలు. నాలుగు చార్టులు రెండేసి చొప్పున అతికితే 112 × 142 కొలత వస్తుంది. వెనక గుడ్డ అంటించకపోతే ఆరుద్ర ముసురుకే చార్టు చుట్టుకుపోతుంది. మైదా కప్పుకు నాలుగు కప్పుల నీళ్లు, ఉడికి మెరుపు వచ్చేదాకా కలపండి. పలచగా పూయండి. దట్టంగా పూస్తే ఎలుకలకు విందు.

మధ్యలో మేకు దిగ్గొట్టి, 45 సెంటీమీటర్ల పురికొసతో వృత్తం గీయండి. ఇప్పుడు దీన్ని 27 భాగాలు చేయాలి. ఇక్కడే చాలామంది కోణమాని తీసి 13 డిగ్రీలు, మూడోవంతు డిగ్రీ అని తంటాలు పడతారు. లేదా చుట్టుకొలత 283 సెంటీమీటర్లు, భాగించితే పదిన్నర అని స్కేలుతో పెట్టుకుంటూ పోతారు. స్కేలు తిన్నగా ఉంటుంది, గీత వంకరగా ఉంటుంది. పైగా ప్రతి గీతలో రవ్వంత తప్పు పోగై చివరి కార్తె, అంటే రోహిణి, ఇరుకైపోతుంది. ఏడాదిలో అంత ఎండ కాసే కార్తెకు వేలెడు చోటు కూడా మిగలదు.

ఇరవై ఏడంటే మూడు మూళ్ల తొమ్మిది, తొమ్మిది మూళ్ల ఇరవై ఏడు. కాబట్టి మడతలతో పని అయిపోతుంది. అదే 45 సెంటీమీటర్ల పురికొసను వృత్తం అంచుమీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తిన్నగా పట్టి గుర్తు పెట్టుకుంటూ పోండి. సరిగ్గా ఆరు గుర్తులకు మొదటి చోటుకు వస్తుంది. గుర్తు విడిచి గుర్తు తీసుకుంటే మూడు భాగాలు. ఇప్పుడు ఇంకో పురికొసను ఒక భాగం వంపు వెంట, వంపు తిరిగినట్టే పరచి తెంపండి. ఆ పొడవుకు వార్తాపత్రిక ముక్కలు అతికి పట్టీ కత్తిరించండి, 94 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది. పురికొసను వంపు వెంట కాక రెండు గుర్తుల మధ్య తిన్నగా లాగితే 78 మాత్రమే వస్తుంది. పట్టీ పొట్టిదైందంటే తప్పు అక్కడే జరిగింది. పట్టీని మూడు మడతలు, మళ్లీ మూడు మడతలు వేసి విప్పితే తొమ్మిది గళ్లు. పట్టీని పొడవాటి అంచుమీద నిలబెట్టి వంపు వెంట తిప్పుతూ, ప్రతి మడత దగ్గర పెన్సిల్ చుక్క పెట్టండి. మిగతా రెండు భాగాలకూ అంతే. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఇది సొంతంగా చేయగలరు, భిన్నాల పాఠం ఇందులోనే ఒకటి గడిచిపోతుంది.

మధ్యలో తొమ్మిది సెంటీమీటర్లు ఖాళీ వదిలి, బయటికి తొమ్మిదేసి సెంటీమీటర్ల వెడల్పున నాలుగు వలయాలు గీయండి. లోపలి వలయం ఇరుకు కాబట్టి కార్తె పేరు, మొదలయ్యే తేదీ అక్కడ, అడ్డంగా కాకుండా కేంద్రం నుంచి బయటికి నిలువుగా రాయండి. రెండోది ఆకాశం, నీళ్లు: ఏ గాలి, ఏ వాన, వాగు పారుతోందా, చెలమ తోడాలా. మూడోది ఇల్లు: పొయ్యిమీద ఏముంది, ఇంటిల్లిపాదీ ఏ పనిలో ఉన్నారు. నాలుగోది, అన్నిటికన్నా ఎక్కువ చోటున్నది, అడవికి. వృత్తం బయట ఇంకో మూడు సెంటీమీటర్ల పట్టీ వదలండి. దాని సంగతి తర్వాత.

తేదీలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ మారతాయి, ఆ ఏటి పంచాంగంతో సరిచూసుకోండి. మామూలుగా బడి తెరిచే వేళకు మృగశిర వచ్చి ఉంటుంది, అక్కడినుంచి మొదలుపెట్టడం వీలు. మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జూలై 6, పుష్యమి జూలై 20, ఆశ్లేష ఆగస్టు 3, మఖ ఆగస్టు 17, పుబ్బ ఆగస్టు 30, ఉత్తర సెప్టెంబరు 13, హస్త సెప్టెంబరు 27. ఇది మొదటి మూడోవంతు. చిత్త అక్టోబరు 10, స్వాతి అక్టోబరు 24, విశాఖ నవంబరు 6, అనూరాధ నవంబరు 19, జ్యేష్ఠ డిసెంబరు 2, మూల డిసెంబరు 15, పూర్వాషాఢ డిసెంబరు 29, ఉత్తరాషాఢ జనవరి 11, శ్రవణం జనవరి 24. చివరి వంతులో ధనిష్ఠ ఫిబ్రవరి 6, శతభిషం ఫిబ్రవరి 19, పూర్వాభాద్ర మార్చి 4, ఉత్తరాభాద్ర మార్చి 17, రేవతి మార్చి 31, అశ్విని ఏప్రిల్ 13, భరణి ఏప్రిల్ 27, కృత్తిక మే 11, రోహిణి మే 25.

నింపడం

మొదటి ఏడాది అంతా పెన్సిలే. పెన్నుతో రాస్తే పెద్దలు తప్పున్నా చెప్పరు. టీచరు రాసింది కొట్టెయ్యమనడానికి మొహమాటపడతారు. పెన్సిలు చూస్తే "అది అప్పుడు కాదు సారూ, ఇంకో పదిరోజులకు" అని ధైర్యంగా అంటారు.

అడిగే తీరు ముఖ్యం. "ఇప్పపువ్వు ఏ నెలలో వస్తుంది?" అంటే "ఎండాకాలం" అని ఊరుకుంటారు. ఇలా అడగండి: ఇప్పపువ్వు రాలేటప్పుడు మోదుగ ఇంకా ఎర్రగా ఉందా, రాలిపోయిందా? శివరాత్రికి ముందా, ఉగాదికి ముందా? వాగులో నీళ్లున్నాయా? ఆ రోజుల్లో రాత్రి ఏం తిన్నారు? ఒక సంగతిని పక్క సంగతితో జోడించి అడిగితే కార్తె దానంతట అదే దొరుకుతుంది. పండుగలు మంచి గుర్తులు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం నడిచే భక్తులు గూడేల పక్కగానే పోతారు. ఉగాదికి కన్నడ భక్తులు వస్తారు. అహోబిలం వైపైతే పారువేట ఉంది: నరసింహస్వామి కనుమనాడు బయల్దేరి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడు కదా, చెంచులకు ఆయన చుట్టం. చక్రంమీద పారువేట ఉత్తరాషాఢలో మొదలై శ్రవణం, ధనిష్ఠ దాటి శతభిషం దాకా పాకుతుంది. పిల్లలు దాన్ని రంగుగీతతో గీస్తే, "నలభై రోజులంటే ఎన్ని కార్తెలు?" అనే లెక్క నోటితోనే చెబుతారు.

ఉజ్జాయింపుగా ఏ వైపు ఏముంటుందో చెబుతాం. మీ గూడెంలో అడిగి సరిచేసుకోవాలి, దీన్ని చూసి ఎక్కించకూడదు. వానలు పట్టాక వెదురు కొమ్ములు, ఆకుకూరలు. హస్త, చిత్తల చుట్టూ సీతాఫలం. చలికాలంలో ఉసిరి, ఆ వెంట కుంకుడు. మోదుగ పూసేది శతభిషం, పూర్వాభాద్ర ప్రాంతంలో. చింతపండు దులిపేదీ ఆ దగ్గరే. తర్వాత ఇప్పపువ్వు. తునికి, మొర్రి పండ్లు ఎండలు ముదిరాక. మొర్రి గింజ పగలగొడితే సారపప్పు. తిరుమాను, తపసి జిగుర్లు వాన పడకముందే తీయాలి, తడిస్తే ధర పలకదు. పెద్ద తేనె ప్రధానంగా ఎండల్లోనే.

గడ్డల దగ్గర కాస్త ఆగండి, పాఠానికి ఇంత బాగా పనికొచ్చేది ఇంకోటి లేదు. తీగ పచ్చగా ఉన్నన్నాళ్లు సత్తువంతా ఆకులో ఉంటుంది, గడ్డ నీళ్లగా ఉంటుంది. ఆకు పండుబారి రాలే వేళకు గడ్డ ఊరుతుంది. కానీ తీగ పూర్తిగా ఎండి విరిగిపోతే ఎక్కడ తవ్వాలో తెలియదు. ఆ రెంటి నడుమ ఉన్న కొద్దిరోజులను పట్టుకోవడమే తెలివి. కొందరు వానల్లోనే తీగ మొదలు చూసి గుర్తు పెట్టుకుంటారు. తవ్వాక గడ్డ తలభాగం గుంతలోనే ఉంచి మట్టి కప్పుతారు, వచ్చే ఏడు మళ్లీ మొలవడానికి. ఐదో తరగతి సైన్సులో ఆకు ఆహారం తయారుచేస్తుంది, వేరు నిలవ చేస్తుంది అన్న పాఠం ఇదే. ముందు గడ్డ, తర్వాత పుస్తకం. వరస తిరగబడితే పిల్లలు పుస్తకం వాక్యాన్ని బట్టీ పట్టి గడ్డను మరిచిపోతారు. పిల్లలు సొంతంగా ఏ గడ్డా రుచి చూడకూడదు. కొన్ని నానబెట్టి విషం విరవకుండా తినకూడనివి. మారేడు గడ్డ, అదే నన్నారి షర్బత్తుకు కొనుక్కుపోయేది, తవ్వి చూపకండి. బయటి గిరాకీకి అది ఇప్పటికే కరువైంది.

ఇప్పపువ్వు రాలేది తెల్లవారుజామున. దానికి మనకన్నా ముందే ఎలుగుబంటి వస్తుంది. ఆ పాఠం పొద్దు బాగా ఎక్కాక, పెద్దవాళ్ల తోడుతోనే. చెట్టుకింద ఆకు కాల్చి నేల శుభ్రం చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మంట అడవికి పాకేది అక్కడినుంచే. పిల్లలతో చీపురు పట్టించండి.

ఇప్పుడు ఈ చక్రంలోని అసలు చిక్కు చూడండి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు. అడవి వలయం కిక్కిరిసి ఉండేదీ ఆ రోజుల్లోనే. బడి క్యాలెండరుకూ అడవి క్యాలెండరుకూ మాటల్లేవు. అందుకే చివరి పనిదినాన ప్రతి పిల్లవాడికీ నాలుగు పేజీల చిన్న పుస్తకం కుట్టి ఇవ్వండి: అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, ఒక్కో పేజీ ఒక్కో కార్తెకు. రాయడం రాకపోతే బొమ్మ, లేదా ఆకు అంటించినా చాలు. బడి తెరిచిన మొదటి వారం ఆ పుస్తకాలే పాఠం. సగం పోగొట్టుకుని వస్తారు, పర్వాలేదు, మిగతా సగం చాలు.

వృత్తం బయట వదిలిన పట్టీ హాజరుకు. ఒక కార్తెలో పనిదినాలు 11, పిల్లలు 20 మంది అయితే మొత్తం 220 హాజర్లు రావాలి. 143 వస్తే నూటికి 65. అది ఆ కార్తె గడిలో రాయండి. ఏడాది చివర హాజరు పడిపోయిన గళ్లకు ఎదురుగా లోపలి వలయాల్లో ఏ పని ఉందో చూడండి. "వీళ్లకు చదువు మీద ధ్యాస లేదు" అనే మాట అక్కడితో ఆగిపోతుంది. ఏ రోజుల్లో బడి వేళలు మార్చుకోవాలో, ఏ పాఠం ముందే ముగించుకోవాలో పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టడానికి ఇంతకన్నా గట్టి కాగితం ఉండదు.

మాటల చీటీలు

పోస్టుకార్డు అంత అట్టముక్కలు. పైన బొమ్మ లేదా అంటించిన ఆకు. కింద ఎడమవైపు గూడెం మాట, కుడివైపు పుస్తకం మాట, రెండూ ఒకే సైజు అక్షరాల్లో. వెనకవైపు చెప్పినవాళ్లు ఏ గూడెమో, ఏ కార్తెలో చెప్పారో. వారానికి ఆరేడు చీటీలు చాలు.

విన్నది విన్నట్టు రాయడం చెప్పినంత సులువు కాదు. చెవి ఎదురు అని వింటే చెయ్యి వెదురు అని రాస్తుంది. ఇరిగింది అంటే విరిగింది, ఇత్తనం అంటే విత్తనం, ఎన్నెల అంటే వెన్నెల. టీచరు తెలియకుండానే దిద్దేస్తారు. ఫోనులో రికార్డు చేసి రెండోసారి విని రాయండి. పిల్లవాడు నోటుబుక్కులో "ఎదురు" అని రాస్తే ఎర్ర ఇంకు తీయకండి. చీటీ తీసి రెండు మాటలూ చూపించి, "ఇంట్లో ఇలా అంటాం, పరీక్షలో ఇలా రాస్తాం" అంటే సరిపోతుంది. ఇకారం, ఎకారాల ముందు వకారం జారిపోవడమన్న సూత్రం ఐదారు చీటీలు పక్కపక్కన పెడితే పిల్లలే పట్టేస్తారు. అప్పటినుంచి వాళ్ల తప్పులు వాళ్లే సరిచేసుకుంటారు.

చీటీల్లో ముందు తీసుకోవలసినవి తికమకపెట్టే మాటలు. పెంట ఎలాగూ మొదటిది. మాను: సీమలో నిలబడ్డ చెట్టే మాను, చింతమాను, తిరుమాను, పుస్తకంలో మాను అంటే మొద్దు. మారేడు: శివుడికి దళం వేసే చెట్టు వేరు, మారేడు గడ్డ తీగ వేరు. ఇక తేనెటీగ. పుస్తకంలో ఒకే ఈగ. గూడెంలో బండకు పట్టే పెద్ద ఈగ, తొర్రలో పట్టేది, పొద కొమ్మకు పట్టే జుంటి, కుట్టని చిన్నీగ అన్నీ వేర్వేరు, వేర్వేరు పేర్లు. నాలుగు చీటీలు రాయండి, కుడివైపు నాలుగింటి మీదా "తేనెటీగ" అనే రాయండి. ఆ నాలుగు చీటీలను వరసగా గోడకు పెట్టినప్పుడు ఎవరి భాషలో మాటలు ఎక్కువో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

పదాలను అ, ఆ వరసలో నేర్పకండి. చక్రంమీద ఆ కార్తెలో ఉన్నవే ఆ పక్షం పాఠం. అక్షరాలు ఆ మాటల్లోంచే తీయండి: ఇప్పలో ఇ, ప, పవత్తు, తునికిలో త, న, క, కొమ్ము, గుడి. వత్తు తొందరగా వచ్చేస్తుందని కంగారు పడనక్కర్లేదు. ఇంట్లో రోజూ పలికే వత్తు, పరాయి మాటలోని ఒంటి అక్షరం కన్నా తేలిక.

కొలతల పళ్లెం

గూడెంలో వాడే గిద్ద, సోల, తవ్వ లేదా డబ్బా ఏదుంటే అది అరువు తెచ్చుకుని ఒక పళ్లెంలో పెట్టుకోండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. పుస్తకం లెక్క అంతే. చేతిలో ఉన్న సోల అంతే పడుతుందన్న నమ్మకం లేదు. నీళ్లు నింపి కొలపాత్రతో చూడండి, లేదా ఖాళీ సోల, నిండు సోల తూచండి. నీళ్ల బరువు గ్రాముల్లో ఎంతో, పట్టే మిల్లీలీటర్లు అంత. రెండు మూడు ఇళ్ల సోలలు పక్కపక్కన పెట్టి తేడా చూడండి.

తర్వాత ఒకే సోలతో సారపప్పు, కుంకుడుకాయలు, చింతగింజలు నింపి ఒక్కోటి తూచండి. కొలత ఒకటే, బరువు వేరు, ఎందుకని? కాయల మధ్య సందులు ఒక కారణం, కాయ గట్టిదా బోలుదా అన్నది ఇంకోటి. ఇంకో ప్రయోగం: అంచుకు సమంగా గీసిన సోల, గోపురంగా పోసిన సోల. రెంటి తేడా తూచి, పది సోలలకు ఎంత, కిలో ధర ఇంతైతే పోయిన డబ్బెంత అని కట్టించండి. సంతలో గోపురంగా కొని, గీసి అమ్మే బేరగాడి లెక్క పిల్లలకు అక్కడ తేలిపోతుంది. గిరిజన సహకార సంస్థ కిలోల్లో కొంటుంది కాబట్టి సోల నుంచి కిలోకు మార్చే పట్టిక గూడెం మొత్తానికి పనికొస్తుంది. తునికాకు కోత ఉన్నచోట యాభై ఆకుల కట్ట మీద యాభయ్యో ఎక్కం ఎంత దూరం పోయినా విసుగు రాదు.

తూకం దగ్గర జరిగే పొరపాటు ఒకటి: తడి సరుకు. తడి ఉసిరి, ఎండు ఉసిరి ఒకే పట్టికలో కలిపేస్తే లెక్కలు అడ్డదిడ్డంగా వస్తాయి. చీటీమీద తడి, ఎండు అని రాయించండి.

పెద్దలు పాఠం చెప్పే రోజు

నెలకు ఒకసారి, నలభై నిమిషాలు మించకుండా. జిగురు, తేనె రోజుల్లో పిలవకండి. ఆ రోజు కూలి పోతుంది. ఎప్పుడు పిలిచినా ఉపాధి హామీ కూలికి తగ్గకుండా ఇచ్చేట్టు యాజమాన్య కమిటీ తీర్మానం రాయించుకోండి. "మీ పిల్లలకే కదా" అని ఊరికే పిలిస్తే రెండోసారి రారు, వాళ్ల తప్పు కాదది.

కుర్చీ వేసి బల్ల ముందు నిలబెడితే అడవి తెలిసిన తాత కూడా నోరు విప్పడు. చెట్టుకింద, చేతిలో పనితో కూర్చోబెట్టండి: తాడు పేనుతూ, బుట్ట అల్లుతూ. టీచరు పిల్లల మధ్య కూర్చోవాలి. మధ్యలో అందుకుని "అంటే ఏమిటంటే పిల్లలూ" అని తర్జుమా చేయకండి. వాళ్లకు అర్థమవుతూనే ఉంటుంది, అర్థం కానిది మీకు. పిలుపు కూడా చూసుకోండి. పిల్లలు తాత, అవ్వ, మామ అని వరసపెట్టి పిలిచేవాళ్లను టీచరు పేరుపెట్టి "రా, కూర్చో" అంటే పాఠం మొదలవకముందే ముగిసినట్టు.

తాండాల్లో ఏం మారుతుంది

సుగాలి తాండాలో ఇంటి భాషే వేరు. గోర్‌బోలి, అంటే మొదట్లో చెప్పిన బంజారా, తెలుగుకు చుట్టం కాదు, రాజస్థానీ వైపు మాట. పిల్లలకు తెలుగే రెండో భాష. కాబట్టి చీటీ ఎడమవైపు గోర్‌బోలి మాట తెలుగు లిపిలో: యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్లు. వత్తక్షరాలు ఆ భాషలో ప్రాణం. ఘర్, ఝాడ్ అని రాయవలసిన చోట గర్, జాడ్ అని రాస్తే పిల్లలు నవ్వుతారు, నవ్వాలి కూడా. మాటలు హల్లుతో ముగుస్తాయి. తెలుగు నోరు చివర ఉకారం తగిలిస్తుంది, అది చీటీలోకి రానివ్వకండి. మొదటి రెండు నెలలు నోటిమాట పూర్తిగా ఇంటి భాషలో సాగనిచ్చి, కుడివైపు తెలుగు మాట తర్వాత చేర్చండి. విద్యాహక్కు చట్టం 2009 కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించమంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే ఆ మాట చెప్పండి.

తాండా చక్రంలో అడవి వలయం చిన్నదవుతుంది, చేను వలయం పెద్దదవుతుంది: వేరుశనగ, కంది, జొన్న, ఆపైన వలస. అనంతపురంలో వాన తప్పిన ఏడు ఇంటివాళ్లు పనికోసం దూరం పోయే కార్తెలు కూడా దాచకుండా గీయాలి. తీజ్, ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్ జయంతి గుర్తులుగా పనికొస్తాయి.

రెండో ఏడు

మృగశిర రాగానే పాత చక్రాన్ని దింపి నేలమీద పరచండి. పెద్దలు, పిల్లలు చుట్టూ కూర్చుని ఒక్కో కార్తె చదువుతూ, ఈ ఏడు అది ముందొచ్చిందా, వెనకబడిందా చెప్పాలి. రెండేళ్లూ కుదిరినవాటికే ఇంకు. కుదరనివి పెన్సిలులోనే, పక్కన రెండు తేదీలూ. చక్రానికి రెండో ప్రతి గీసి గూడెంలో ఒకరింట్లో ఉంచండి. చీటీల పెట్టె రేకుదైతే మంచిది, అట్టపెట్టె అయితే చెదలు పడతాయి. అడుగున వేపాకు వేసి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఎండ చూపించాలి. టీచరుకు బదిలీ అయితే పెట్టె, చక్రం, రికార్డింగులు వెంట తీసుకెళ్లేవి కావు. ఎన్ని చీటీలున్నాయో లెక్కపెట్టి, బడి వస్తువుల రిజిస్టరులో రాసి, గూడెం పెద్దల ఎదుట కొత్త టీచరుకు అప్పగించి సంతకం తీసుకోండి.